ఏడు గంటల విమానం

"ఇయ్యాల సుత గుడ్డు లేదు," అంది రూతమ్మ, కోళ్ళగూడు దగ్గర నుంచి వట్టి చేతులతో వస్తూ.

పళ్ళెంలోని ఉత్త ఖిచిడీని క్రీస్తుదాసు శత్రుసైన్యాన్ని చూసినట్టు చూశాడు. పదకొండో రోజు. జర్మనీ యుద్ధం పేరు చెప్పి కిరసనాయిలు పోయింది, ఓర్చుకున్నాడు. చక్కెర పోయింది, ఓర్చుకున్నాడు. గుడ్డు దగ్గరికొచ్చేసరికి ఆయన దేశభక్తి అయిపోయింది.

"కోళ్ళ తప్పు గాదు. గా ఏడు గంటల విమానంది తప్పు. ఇంటి పెంకులు గీసుకుంట పోతుండు వాడు. కోడి బెదరదా? నేనే బెదురుతున్న."

అమీర్‌పేటకు విమానాలు కొత్త కాదు. యుద్ధానికి పంపే కుర్రాళ్ళకు బేగంపేట మైదానంలో విమానం నడపడం నేర్పుతున్నారు. పొద్దస్తమానం నెత్తిమీద రొద. అయితే ఈ మధ్య ఒకటి మాత్రం సరిగ్గా ఏడింటికి పంజాగుట్ట వైపు నుంచి వచ్చి, వీళ్ళ పెరటి మీద బాగా కిందికి దిగి, రెక్కలు అటూ ఇటూ ఊపి మరీ పోతోంది.

"పోనియ్యుండ్రి. ఎవరి కొడుకో," అంది రూతమ్మ.

"ఎవరి కొడుకైతే నాకేంది? నా కొడుకు సుత విమానమే నడుపుతుండు. గిట్ల కోళ్ళ మీద నడుపుతుండా?"

కొడుకు మాట వచ్చిందంటే ఆయన కళ్ళు గోడ మీది అట్ట వైపు పోవలసిందే. ఆ అట్ట మీద ఆయన చేతిరాతతో ఒక నిచ్చెన. అడుగున పైలట్ ఆఫీసర్. ఆ పైన ఫ్లయింగ్ ఆఫీసర్, ఫ్లయిట్ లెఫ్టినెంట్, స్క్వాడ్రన్ లీడర్, వింగ్ కమాండర్. అలా ఎక్కగా ఎక్కగా కొసన ఎయిర్ మార్షల్. ప్రతి మెట్టు పక్కనా ఒక సంవత్సరం. ఎయిర్ మార్షల్ పక్కన 1968. కొడుకు విజయరత్నం ఇంకా అడుగు మెట్టు మీద కూడా కాలు పెట్టలేదు, నేర్చుకుంటున్నాడు. కానీ ఖైరతాబాద్ ఆఫీసులో పద్దెనిమిదేళ్ళుగా ఒకే కుర్చీలో గుమాస్తాగా అరిగిపోయిన మనిషి, ప్రమోషన్లు ఇచ్చే అవకాశం చేతికొస్తే పిసినారితనం ఎందుకు చేస్తాడు? ఎయిర్ మార్షల్ తండ్రికి చర్చిలో ముందు బెంచీ ఇవ్వాలన్న సంగతి పాస్టరుగారి చెవిన వేసి కూడా ఉంచాడు.

కొడుకు రైలెక్కిన రోజు గట్టిగానే చెప్పాడు: "ఛాతి మీద పైలట్ రెక్కల బిళ్ళ పెట్టుకొనే గడప తొక్కాలె. ఉత్త చొక్కాతోని రాకు."

మొదటి ట్రైనింగు అయ్యాక ఏ ఊరికి మార్చారో తెలియదు. ఉత్తరాల్లో ఊరి పేరు రాయడానికి మిలిటరీవాళ్ళు ఒప్పుకోరు. లాహోర్ అవతలని క్రీస్తుదాసే ఖాయం చేశాడు. ఆఖరి ఉత్తరంలో తిండి బాగుందనీ, చలి అంతగా లేదనీ, అమ్మ మోకాళ్ళకు పొద్దుటి ఎండ మంచిదనీ, రోజూ పెరట్లో కాసేపు నిలబడమనీ ఉంది.

"లాహోర్ల చలి లేదంట! ధైర్యమున్నోనికి చలేడుంటది?" అని ఆయన వీధంతా చదివి వినిపించాడు. రూతమ్మ మాత్రం ఆ రోజు నుంచి ఎండకు నిలబడుతోంది.

విమానం మీద అర్జీ పెడుతున్నానని క్రీస్తుదాసు ముందుగా చెప్పింది ఎదురింటి వజీర్‌కు. వజీర్‌ది సైకిళ్ళ కొట్టు. మైదానం కూలీల సైకిళ్ళతోపాటు అక్కడి కబుర్లూ అతని దగ్గరికే వస్తాయి.

"చలికాలం ముర్గీలు గుడ్లు పెట్టయి సాబ్. మా ఇంట్ల సుత లేవు," అన్నాడు వజీర్.

"మీ కోళ్ళు సుత గా చప్పుడే వింటున్నయి గద!"

"జర సోంచాయించు సాబ్. నేర్చుకునే పోరగాళ్ళు. ఒక్క కంప్లైంట్ పోతే ఖతమంట. మళ్ళ జిందగీల విమానం ముట్టనియ్యరంట."

"కానీ ఖతం! గిసుంటోళ్ళు ఉంటే రేపు మా విజయరత్నానికి అడ్డం పడరా? ఒకడు తగ్గితే ఒక మెట్టు ఖాళీ."

వజీర్ పంక్చర్ వెతికే పనిలో పడ్డాడు.

మర్నాడు ఏడింటికి క్రీస్తుదాసు పెరట్లో స్టూలెక్కి, పలకా బలపంతో సిద్ధంగా నిలబడ్డాడు. విమానం వచ్చింది. రూతమ్మ కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూసింది. రెక్కలు ఊగాయి. లోపలి మనిషి చెయ్యెత్తాడు. క్రీస్తుదాసు పలకెత్తి చూపించాడు. తోలుటోపీలో, పెద్ద కళ్ళద్దాల్లో ఆ ముఖం ఎలాగూ కనిపించదు. కనిపించినా ఆయన చూసేవాడు కాదు, నంబరు చూస్తున్నాడు.

అర్జీ మూడు పేజీలు. ఇంగ్లీషులో. మొదటి పేజీలో చక్రవర్తి క్షేమం, రెండో పేజీలో కోళ్ళ క్షేమం, మూడో పేజీలో నంబరు.

వారం తిరక్కుండా మైదానం అధికారుల నుంచి జవాబు వచ్చింది. విచారణ జరిగిందట. పేరు చెప్పడం రూల్లో లేదట. సదరు కుర్రాడు తప్పు ఒప్పుకున్నాడట. ఆ ఇంటి మీదే ఎందుకు దిగావంటే నోరు విప్పలేదట. ఇకపై అతను విమానం నడపడానికి వీల్లేకుండా తీసేశారట.

పద్దెనిమిదేళ్ళ నౌకరీలో ఆయన కాగితానికి పని జరగడం ఇదే మొదటిసారి. వజీర్ కొట్టు ముందు నిలబడి రెండుసార్లు చదివాడు.

"ఏ తల్లి కన్న పిల్లగాడో," అన్నాడు వజీర్.

"తల్లి సరిగ పెంచలే," అన్నాడు క్రీస్తుదాసు.

ఇంటికొచ్చి అట్ట దించాడు. పోటీకి ఒకడు తగ్గాడు కదా, 1968 కొట్టేసి 1967 అని రాశాడు.

తెల్లవారి ఏడైంది. ఆకాశం మాట్లాడలేదు. రూతమ్మ అలవాటుగా ఎండలో నిలబడి, చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు పైకి చూసింది.

"ఇంక చప్పుడు లేదు గద. గుడ్డేది?" అని అరిచాడు క్రీస్తుదాసు, పళ్ళెం ముందు నుంచి.

"లేదు."

వాకిట్లో గేటు కిర్రుమంది.

ఉత్త చొక్కాతో విజయరత్నం లోపలికొచ్చాడు.