వేగం మీట

ఊళ్లో అందరిలాగే రత్నమాల కూడా ఇద్దరుగా ఉంటోంది. ఒకరు ఇంట్లో, ఒకరు పనిలో. పనిలో జరిగిందంతా, ఒంటికి తగిలిందంతా గోడమీది పెట్టెలోంచి కాస్త ఆలస్యంగా, వరుసగా ఇంట్లో మనిషికి చేరుతుంది. పెట్టెకున్న మీటతో వేగం పెంచితే ఇంట్లో మనిషి చేతిలో పని తడబడుతుంది. పూర్తిగా ఆపేస్తే ఇంట్లో మనిషీ దక్కదు.

పనికి వెళ్లిన రత్నమాల ఎక్కిన పడవ గోదావరిలో మునిగిందని, ఎవరూ మిగల్లేదని భర్త కనకారావుకు కబురొచ్చింది. అతను వేగం మీటను ఆగిపోకుండా అట్టడుక్కి తిప్పి, అక్కడే నిలబడిపోయాడు.

"మరీ ఇంత నిదానమేంటండీ? ఇంకా రేవులోనే ఉన్నాను," అంది ఇంట్లో రత్నమాల గోంగూర ఒలుస్తూ.

"ఉండనీవే. తొందరేముంది నీకు?"

"హమ్మయ్య, పడవెక్కాను."

అతను మీట వదల్లేదు. కాసేపటికి ఆమె పాదాలు పైకి ముడుచుకుంది.

"ఏవండీ, ఇక్కడ నీళ్లెవరు పోశారు?"

కనకారావు కిందికి చూశాడు. నేల పొడిగానే ఉంది.