మీటరు ముల్లు

కారు పార్కింగులోంచి అంగుళం కదల్లేదు. మీటరు మాత్రం ఇరవైలో పోతున్నట్టు చూపిస్తోంది.

"వీడియో చూసి గారెలు వండుకోమన్నాను గానీ, కార్లు విప్పమన్నానా?" అంది వీరలక్ష్మి.

"బల్బు మార్చానంతేనమ్మా!" అంది కూతురు ప్రవీణ.

బల్బు కోసం మీటరు విప్పింది. అడ్డమొచ్చాయని ముళ్ళు పీకి, మళ్ళీ గుచ్చింది. ఇప్పుడు పెట్రోలు ముల్లు ఖాళీ కంటే కిందికి దిగింది. చల్లటి ఇంజనుకు వేడి ముల్లు సగం దాకా ఎక్కి కూర్చుంది.

"స్పీడు ఉజ్జాయింపుగా చూసుకుంటాలే. నిజాంపేట నుంచి గచ్చిబౌలి ఎంతసేపు?"

వీరలక్ష్మి కారు తలుపుకు అడ్డం నిలబడింది. నాలుగేళ్ళ కిందట తన భర్త యజ్ఞనారాయణ కూడా 'ఎంతసేపులే' అనే బండి తీశాడు. తిరిగి రాలేదు.

"అది బాగయ్యేదాకా కదిలితే నా మీద ఒట్టు!"

పార్కింగు ఊడుస్తున్న పనామె చీపురు గోడకు ఆనించి దగ్గరికొచ్చింది.

"రెండు చెంచాలు తెస్తవా బిడ్డా?"

"నువ్వొకదానివి దొరికావా? ఆ ఫినాయిలు చేతులతో ముట్టుకోకు!" వీరలక్ష్మి కసిరింది.

"కడుక్కోనొస్తనమ్మా."

నిజంగానే సబ్బుతో కడుక్కుని వచ్చింది. ప్రవీణ నవ్వుకుంటూ పైకెళ్ళి చెంచాలు తెచ్చింది.

పనామె గుడ్డ అడ్డం పెట్టి, ముల్లుకు రెండు పక్కలా చెంచాలు ఆనించి లేపింది. మల్లెపువ్వు తెంపినంత తేలిగ్గా ఊడి వచ్చింది. మిగతా రెండూ అంతే.

"గిట్ల లేపాలె. గుంజితే లోపలి ఇరుసు వంగుతది. ఇగ తాళం ఒకపారి తిప్పి బందువెట్టు. ముళ్లను తిప్పే మోటర్లన్నీ సున్నాకొచ్చి ఆగుతయి. గప్పుడు ముల్లు వెట్టాలె."

"గట్టిగా నొక్కాలా?"

"అయ్యో, నొక్కకు! కింది పలకకు రాస్తది, నడుమల ఆగుతది. జర సందుంచు."

మూడు ముళ్ళూ పెట్టింది. ఏ ముల్లూ రెండోసారి ముట్టుకోలేదు.

"ఫోన్ల స్పీడు వెట్టుకొని నలభైల పోయి రా. రెండూ ఒక్కటే చూపాలె. మీ అమ్మ ఫికర్ వడ్తున్నది, దూరం పోకు."

ఆ పది నిమిషాలూ వీరలక్ష్మి గేటు పట్టుకుని నిలబడింది.

ప్రవీణ వచ్చింది. "అచ్చంగా నలభై అమ్మా! వెంట్రుకవాసి తేడా లేదు!"

వీరలక్ష్మికి ప్రాణం లేచొచ్చింది. పనామె అప్పటికే అవతలి వరస ఊడుస్తోంది. ఒక మంచి మాట అనాలనుంది గానీ, ఇందాక కసిరిన నోరు పెగల్లేదు. రేపు చెప్పొచ్చులే అనుకుంది.

మర్నాడు, సోమవారం పొద్దున చీర, పళ్ళు పట్టుకుని కిందికి దిగింది. ఊడుస్తున్నది వేరే మనిషి.

సూపర్‌వైజర్ రాజేందర్‌ను అడిగింది.

"బాలమ్మనా? కాంట్రాక్టు మారిందమ్మా. పాతోళ్లందర్నీ తీసేసిండ్రు. యాడికి వోయిందో ఎరుక లేదు."

పేరు కూడా ఇప్పుడే తెలిసింది.

"కార్ల పని ఎక్కడ నేర్చుకుంది బాబూ?"

"కార్లు కాదమ్మా, మీటర్లు. ఇరవై రెండేండ్లు మీటర్ల కంపెనీల ముళ్లు వెట్టింది. ఆమె చేతి మీటరు ఒక్కటి గూడ వాపసు రాలేదంటరు. కంపెనీ మూతవడ్డది, దాన్ని కూలగొట్టి గా జాగల్నే ఈ అపార్ట్‌మెంట్ కట్టిండ్రు."

వీరలక్ష్మి చేతిలో పళ్ళ సంచి బరువెక్కింది.

రాజేందర్ ప్రవీణ కారు వైపు చెయ్యి చూపించాడు.

"ఆమె కూసొని పనిచేసిన కుర్చీ, సరిగ్గ గక్కణ్నే ఉండె."