ఆకులకు పౌడర్

"ఓ మునీర్ చాచా! చెట్లకు తానం పోసినవా? జర పౌడర్ గూడ రాయరాదు!"

ఎదురింటి గడపలో కూర్చుని బీరప్ప రోజూ వేసే కేక అది.

తాండూరులో బండలకు పాలిష్ పట్టే మిషన్ల వెనక గల్లీ. మునీర్ అక్కడ అద్దెకు దిగి నాలుగు నెలలే. పాత పెయింట్ డబ్బాల్లో మందారం, మల్లె, క్రోటన్లు పెంచుతున్నాడు. కొత్త చిగురు కనబడితే ఆయనకు ఆ రోజు పండగే. పొద్దున్నే తెల్లగుడ్డతో ఒక్కో ఆకూ తుడుస్తాడు.

ఆదివారమైతే బస్సెక్కి వికారాబాద్ మొక్కల తోటకు పోతాడు. అక్కడి ఆకులు కూడా తుడిచి వస్తాడట!

"ఆడి చెట్లకు గూడ నువ్వే నౌకరువా చాచా?"

మునీర్ నవ్వేవాడు. "నీ బిడ్డకు దగ్గు తగ్గిందా?"

"చలికాలం గదా. అదే పోతది."

"ఒక్క ఆదివారం తోటకు తోల్కపోదం. ఆడ దగ్గదు, చూడు."

"మా నిరోషా చెట్టు గాదు చాచా, తుడువనీకి!"

ఆటో నడుపుకునే బీరప్పకు ఎవరినో ఒకరిని ఆటపట్టించందే అన్నం అరగదు. ఒకనాడు పొద్దున మునీర్ నమాజుకు పోయిన సందు చూసి, మిషన్ల దగ్గరి బండపొడి గుప్పిళ్లతో తెచ్చి ఆకులన్నిటి మీదా చల్లాడు.

కాసేపటికి ఒక సర్కారు జీపు వచ్చింది. అందులోంచి దిగినాయన ఆకు మీద వేలు పెట్టి చూశాడు. మునీర్‌ను ఏదో గట్టిగా కసిరి, కాగితం మీద ఎర్ర సిరాతో గీకి, చేతిలో పడేసి పోయాడు.

తలుపు చాటున బీరప్ప నోట్లో తువ్వాల కుక్కుకుని నవ్వాడు.

మునీర్ ఒకసారి ఆ తలుపు వైపు చూశాడు. బకెట్‌తో నీళ్లు తెచ్చుకుని ఆకులు కడుక్కున్నాడు.

ఆ నెలలోనే దగ్గి దగ్గి, దవాఖానలో పోయాడు.

ఇల్లు ఖాళీ చేయడానికి ఆయన చెల్లెలు గుల్జార్ బేగం వచ్చింది. ఒక మందారం డబ్బా, ఒక కవరు బీరప్ప చేతిలో పెట్టింది.

"ఎదురింటి పాపకు ఇయ్యుమన్నడు మా భయ్యా. ముప్పై ఏండ్లు గా మిషన్ల మీదనే చేసిండు. ఊపిరి ఆ దుమ్ముకే పాయె."

కవరులో తారీఖులు, ఊరి పేర్లు రాసిన గుడ్డ ముక్కలు. వికారాబాద్‌వి మల్లెపూలంత తెలుపు. తాండూరువి బూడిద రంగు.

అడుగున ఒక కాగితం. బస్సు బోర్డు దాటి చదువు రాని బీరప్ప దాన్ని బిడ్డకిచ్చాడు.

నిరోషా ముందుగా ఎర్ర సిరా అక్షరాలు కూడబలుక్కుంది.

"'దుమ్ము... చేత్తో చల్లినది. ఫిర్యాదు... కొట్టివేయడమైనది.' అంటే ఏంది నాయినా?"

బీరప్ప తన అరచేతులు చూసుకున్నాడు.

"ఇగో, మీదికి నా పేరున్నది! 'విషయం: మా ఎదురింటి పాప నిరోషా, ఏడేండ్లు, మిషన్ల దుమ్ముతో...'"

దగ్గు తెర అడ్డం వచ్చి ఆ పిల్ల మిగతాది చదవలేకపోయింది.