మర్నాటి పులుసు

ఐదో తరగతి అలివేలు హోంవర్కులో ఏటి అవతలి దేశాన్ని మన దేశంతో పోలుస్తోంది.

"పరిపాలన రాసేశానమ్మా. అక్కడ ఓట్లు, ఇక్కడ యంత్రం. ఆర్థికం అంటే అక్కడ ఆకలి, ఇక్కడ రేషన్. వాళ్ళకి సంస్కృతే లేదని పుస్తకంలో ఉంది. అదే రాసెయ్యనా?"

తల్లి వరహాలమ్మకి ఒళ్ళు మండింది. "ఎందుకు లేదే? చేపల పులుసు వండిన పూట ముట్టరు వాళ్ళు. మర్నాడే తింటారు."

అన్ని ఇళ్ళలోలాగే వాళ్ళ గోడకీ ప్రభుత్వం బిగించిన యంత్రపు చెవి ఎర్రగా వెలిగింది. "ఈ సంగతి మన పుస్తకాల్లో లేదు. మీకెలా తెలుసమ్మా?" అని ఎంతో మర్యాదగా అడిగింది.

అవతల పుట్టినట్టు తేలినవాళ్ళెవరూ మళ్ళీ ఇంటికి రాలేదు.

అలివేలే జవాబు చెప్పింది, పొయ్యి పక్కన మూత పెట్టి ఉన్న మట్టి దాక చూపిస్తూ.

"మా ఇంట్లోనూ అంతేనండీ. అది రేపటికి."