ఎనిమిదో మంచం

గేటు మీద ఆరేసిన దుప్పటిని పక్కకి తప్పించి లోపలికి వచ్చింది పరిశోధకురాలు.

అనాథాశ్రమాల్లో పిల్లల్ని పెట్టే బాధల మీద ఆమె పరిశోధన. ఎన్నో ఆశ్రమాలు తిరిగింది, ఎందరితోనో మాట్లాడింది. అదంతా ఒక ఎత్తు, ఈ ఇల్లు ఒక ఎత్తు. ఈ ఇంట్లో మంచం పట్టిన ముసలావిడ, పరిశోధకురాలు పెరిగిన ఆశ్రమానికి ఒకప్పటి వార్డెన్.

ఆ మహాతల్లికి పిల్లల పేర్లు అక్కర్లేదు. అందరికీ గుండు, అందరికీ మంచం నంబరు. ఒక్కరినైనా మొహం చూసి పిలిచిన పాపాన పోలేదు. పరిశోధకురాలు ఏడు. పక్కమంచం పిల్ల ఎనిమిది. రోజూ పక్క తడుపుతోందని ఎనిమిదిని ఓ సాయంత్రం సామాన్ల గదిలో పెట్టి గడియ వేసింది వార్డెన్. తెల్లారాక ఆ పిల్ల గదిలోనూ లేదు, మంచం మీదా లేదు. ఏమైందని అడిగినవాళ్లకీ అదే గది.

ఇన్నేళ్లూ పరిశోధకురాలి కడుపు రగిలిపోయింది ఆ ప్రశ్నతోనే. ఎనిమిదిని ఏం చేసిందో ఇవాళ ఈవిడ నోటితోనే చెప్పించాలి. రికార్డు చెయ్యాలి. కోర్టుకి ఈడ్చాలి. అందుకే ఫోన్లో తేనె పూసినట్టు మాట్లాడింది. ఆశ్రమం నడపడంలో మీ అనుభవం కావాలండీ అంది.

"రండి," అంటూ కోడలు ముసలావిడ గది బయటి గడియ తీసింది. "లేచి పడిపోతారని వేస్తుంటానండీ."

గది అద్దంలా ఉంది. ఉతికిన చీర, పొట్టిగా కత్తిరించిన తెల్లజుట్టు. ముసలావిడ నీళ్లడిగితే కోడలు గ్లాసు అడుగున రెండు గుక్కలు పోసి ఇచ్చింది. "ఎక్కువ తాగితే పక్క తడిసిపోతుంది అత్తయ్యా," అంది మెత్తగా.

పరిశోధకురాలికి ఒళ్లు మండిపోయింది. ఎంతమంది పసివాళ్ల ఉసురు పోసుకుందో, అలాంటిదానికి ఇంత సేవ చేసే కోడలా? ఏం పెట్టి పుట్టిందో మరి.

కోడలు బిస్కెట్ల పళ్లెం తెచ్చింది. పరిశోధకురాలు ఎడమచెయ్యి పళ్లెం చుట్టూ అడ్డం పెట్టి గబగబా తినేసింది. ఆశ్రమంలో అలా తినకపోతే ఎవరో ఒకరు లాగేసుకునేవాళ్లు. ఎంత చదివినా ఆ అలవాటు పోలేదు. కోడలు గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"పిల్లల్ని కొట్టేవారా?" అంది పరిశోధకురాలు, రికార్డరు నొక్కి.

"ఒట్టు. చెయ్యెత్తి ఎరగను," అంది వార్డెన్. "కొట్టడం చేతకానివాళ్ల పని. పొద్దుగూకాక నీళ్లు ఆపేసి, తడిపిన దుప్పటి నలుగురికీ కనబడేలా ఆరేస్తే ఎంత మొండిఘటమైనా దారికొస్తుంది."

"ఎనిమిదో మంచం పిల్ల ఏమైంది?"

ముసలావిడ నొసలు చిట్లించింది. "ఎంతమంది వచ్చారు, ఎంతమంది పోయారు. ఎవరినని గుర్తుపెట్టుకునేది? ఆ, ఒకతి సామాన్ల గది కిటికీలోంచి దూరి పారిపోయింది. ఎక్కడో చచ్చుంటుంది."

"వెతికించలేదా?"

"ఎందుకూ? ఉతికే దుప్పటి ఒకటి తగ్గింది. పీడా పోయిందనుకున్నా."

ఆ పీక పిసికెయ్యాలనిపించింది పరిశోధకురాలికి. కానీ ఏం లాభం? ఇంత ముసలిదాన్ని, మంచంలో ఉన్నదాన్ని ఏ కోర్టు శిక్షిస్తుంది? రికార్డరు ఆపేసింది.

"మా కోడలు బంగారం," అంది ముసలావిడ, గుమ్మం వైపు చూస్తూ. "మావాడు ఏరికోరి చేసుకున్నాడు. పుట్టింటి ఊసే ఎత్తదు. నన్ను పల్లెత్తు మాట అనదు." గొంతు తగ్గించింది. "రేపు కూడా రామ్మా. రోజూ రా."

పరిశోధకురాలు లేచింది. కోడలు గదికి గడియ పెట్టి, గేటు దాకా వచ్చింది. జారిన దుప్పటిని వీధివైపుకి సర్దింది.

"మీలాంటి కోడలు దొరకడం ఆవిడ అదృష్టం," అంది పరిశోధకురాలు కసిగా. "నా చేతికి దొరికితేనా, చేసినవన్నీ కక్కించేదాన్ని."

కోడలు మొదటిసారి నవ్వింది.

"మీది ఏడో మంచం కదక్కా," అంది గేటు వేస్తూ, "నాది ఎనిమిది."