అక్క అడగని పాట

స్టూడియోలో రెండో ఫోనుకి గంట ఉండదు. ఎర్ర బల్బు వెలుగుతుంది.

ఆదివారం మధ్యాహ్నం మూడూ అయిదుకి అది వెలిగిందంటే, మిస్ ఎర్లీన్ చర్చి నుంచి వచ్చి, టోపీ తీసి, కుర్చీలో కూర్చుందని అర్థం.

అమెరికాలో మెంఫిస్ ఊళ్లో, నల్లజాతివాళ్ల పాత సోల్ పాటలు వేసే చిన్న రేడియో మాది. ఆ గంట మాత్రం జైళ్లలో ఉన్నవాళ్లది. ఇంటివాళ్లు ఫోన్ చేసి పాట అడుగుతారు. నేను పేరు చదివి పాట వేస్తాను.

మిస్ ఎర్లీన్ తమ్ముడు డెల్మస్ నది అవతల, పత్తి చేల మధ్య జైల్లో ఉన్నాడు. ఎప్పుడో బార్లో గొడవ, ఒక మనిషి పోయాడు. ముప్ఫై ఏళ్ల శిక్షలో పధ్నాలుగు గడిచాయి.

"పాట పేరు నీకు చెబుతాను ఆర్వెల్. రేడియోలో మాత్రం చెప్పకు," అంది మొదటిసారి ఫోన్ చేసినప్పుడు.

"మరేం చెప్పమంటావక్కా?"

"అమ్మ చేపలు వేయించిన పాట అను. వాడికి తెలుస్తుంది."

అలాగే అన్నాను.

తర్వాతి వారం, నాన్న బ్యూక్ కారు ఆగిపోతే ఇద్దరూ తోసుకొచ్చిన పాట. ఆ పైవారం, డెల్మస్ మొదటిసారి టై కట్టుకుని అద్దం ముందు నుంచి కదలని పాట.

తొమ్మిదేళ్లు. ఒక్క ఆదివారం తప్పలేదు.

ఆమెను నేనెప్పుడూ చూడలేదు. కానీ వాళ్ల వంటింట్లో ఇనప పెనం ఏ మేకుకి తగిలిస్తారో నాకు తెలుసు.

తిట్టేది కూడా. "ఏమయ్యా, పాట అవకుండానే సబ్బు ప్రకటన దూర్చావు. మీ అమ్మ నువ్వు తింటుండగా కంచం లాగేసేదా?"

తొమ్మిదో ఏడు అక్టోబరులో ఒక ఆదివారం బల్బు వెలగలేదు.

మరుసటి ఆదివారం కూడా.

మంగళవారం జైలు ముద్రతో నా పేర ఉత్తరం వచ్చింది. పెన్సిలు రాత. రాసినవాడు రాయిస్ పెట్‌వే, డెల్మస్ పక్క మంచం ఖైదీ.

చదివాక ఫోన్ చేయబుద్ధి కాలేదు. వాళ్ల చర్చిలో అడిగి ఇల్లు పట్టుకున్నాను.

ఆమె వసారాలో కూర్చుని బఠాణీ కాయలు ఒలుస్తోంది.

"ఎవరు బాబూ?"

"నేనక్కా."

గొంతు గుర్తుపట్టింది. నన్ను కిందనుంచి పైదాకా చూసింది.

"ఇంత పొట్టివాడివా? రేడియోలో ఆరడుగులు ఉంటావు."

కుర్చీ నా వైపు జరిపింది.

"డెల్మస్ పోయాడయ్యా. గుండె. జైలు ఆవరణలో నడుస్తూ నడుస్తూ పడిపోయాడట."

"తెలిసిందక్కా. అక్కణ్ణించి ఉత్తరం వచ్చింది."

కళ్లద్దాలు లోపల ఉన్నాయి, నువ్వే చదువు అంది.

చదివాను.

"అయ్యా, డెల్మస్ తొమ్మిదో తేదీన పోయాడు. మా మంచాల వరసలో నలభై మందిమి. ఆదివారం మూడింటికి అందరి రేడియోలూ మీ పాటలకే తిప్పుకుంటాం. మాలో సగం మందికి ఫోన్ చేసేవాళ్లు లేరు. వాళ్ల అమ్మ వేయించిన చేపలు మేమూ తిన్నాం. ఆ కారు మేమూ తోశాం. రెండు వారాలుగా అక్కగారి పాట రాలేదు.

ఇంకో సంగతి. మా అక్క ఒక్క పాట మాత్రం అడగదురా, నాకు కావలసింది అదే, అనేవాడు డెల్మస్. ప్రతి వారం దానికోసం చూసేవాడు. అదేమిటో మాకు చెప్పలేదు. అక్కగారికి తెలిసే ఉంటుంది."

ఆమె చేతులు ఆగిపోయాయి.

"నలభై మందా," అంది.

వీధిలో రెండు కార్లు వెళ్లాయి.

"ఆ పాట మోగుతుంటేనే వాడికోసం పోలీసులు వచ్చారు. వాడు వెనక గదిలో ఉన్నాడు. తలుపు తియ్యకక్కా అన్నాడు."

ఉత్తరం మడిచాను.

"ఏదో అడిగి సాయంత్రానికి పంపించేస్తారనుకున్నాను. నేనే తీశాను."

మళ్లీ కాయలు ఒలవసాగింది. గింజలు గిన్నెలో కాక ఒళ్లో పడుతున్నాయి.

"పధ్నాలుగేళ్లు నెలనెలా చూడ్డానికి వెళ్లానయ్యా. ఆ మాట వాడూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు."

ఉత్తరం ఆమె పక్కన పెట్టి వచ్చేశాను.

ఆ ఆదివారం మూడూ ఇరవై అయింది. మూడున్నర అయింది. ఇంక చెయ్యదులే అనుకున్నాను.

నాలుగింటికి పది నిమిషాలుందనగా ఫోన్ చేసింది.

"ఎవరికక్కా?"

"రాయిస్ అనే అబ్బాయికి. మిగతావాళ్ల పేర్లు నాకు తెలియవు. వరసంతటికీ అను."

"డెల్మస్ పేరు?"

"చదువు."

పాట పేరు చెప్పింది. నా దగ్గర ఆ రికార్డు ఉంది. ఒక గొంతు పిలుస్తుంటే ఇంకో గొంతు బదులు పలికే పాట.

"ఏం పాటని చెప్పనక్కా?"

ఊపిరి వినిపించింది.

"నేను తలుపు తీసిన పాట అని చెప్పు."

చెప్పాను. సూది రికార్డు మీద పెట్టాను.

ఆమె ఫోన్ పెట్టేయలేదు. సన్నగా పాట అందుకుంది.

బదులు పలికే చోటల్లా పలికింది. పిలిచే చోటు తమ్ముడికి వదిలి ఊరుకుంది.