ఆది జాకెట్టు

అఫ్రియే కుట్టుమిషను ముందు ఒక ముసలావిడ వచ్చి కూర్చుంది.

పాత తెల్ల జాకెట్టు ఒకటి, కొత్త తెల్లగుడ్డ ఒకటి బల్ల మీద పెట్టింది.

"దీని ఆదికే కుట్టు పిల్లా."

కుమాసీ ఊళ్లో తెల్లబట్టలు దేనికో అందరికీ తెలుసు. గండం గడిచినవాళ్లు అవి కట్టుకుని, చర్చిలో అందరి ముందూ చిందేసి మొక్కు తీర్చుకుంటారు.

కిందటి ఆదివారమే అఫ్రియే కూడా తీర్చుకుంది. రొమ్ములో చిన్న క్యాన్సరు గడ్డ. పాలనాళం గోడ దాటలేదట. రొమ్ము ఉంచి గడ్డ వరకే తీసేశారు.

"కరెంటు కూడా పెట్టించుకో, అదే రేడియేషను. లేకపోతే అక్కడే మళ్లీ రావచ్చు. ఈసారి గోడ దాటినా దాటవచ్చు," అంది డాక్టరమ్మ.

చిక్కంతా అక్కడే వచ్చింది. బాగైపోయిందని అందరి ముందూ ఆడిపాడాక మళ్లీ ఆసుపత్రి మెట్లెక్కితే, దేవుడి మీద నమ్మకం లేదనరూ? అందుకే నిన్న వెళ్లి, కరెంటూ గిరెంటూ వద్దని నర్సుకు చెప్పేసి వచ్చింది.

"ఇది మొక్కు జాకెట్టేగా పెద్దమ్మా. ఇదివరకు తీర్చుకున్నావా?"

"తీర్చుకున్నాలే. తొందరపడ్డాను."

ముసలావిడ పేరు ఫోసువా. లేవబోయి, నడుం పట్టుకుని మళ్లీ కూలబడింది.

"రేపు పెద్దాసుపత్రికి పోవాలి. ట్రోట్రో వ్యాను ఎక్కాలంటే కాళ్లు రావడం లేదు. తోడు రా."

"పని ఉంది పెద్దమ్మా."

"పెద్దదాన్ని అడిగితే పని ఉందని చెప్పమనే మీ అమ్మ నిన్ను పెంచిందా?"

ఆ మాట తర్వాత ఇంకేం కాదంటుంది?

మర్నాడు ఇద్దరూ ట్రోట్రోలో ఇరుక్కుని వెళ్లారు. ఫోసువా వరండాలో బల్ల మీద చతికిలబడింది.

"నా వంతు ఎప్పటికో గాని రాదు. ఈగలు తోలుకుంటూ కూర్చోకపోతే, నీ కరెంటేదో నువ్వు పెట్టించుకు రారాదూ?"

"నా సంగతి నీకెవరు చెప్పారు?"

"ముసలిదానికి ఇంకేం పని, ఊళ్లో సంగతులు ఏరుకోవడం తప్ప."

"చర్చివాళ్లు చూస్తే?"

"ముసలిదాన్ని తీసుకొచ్చానని చెప్పు. అబద్ధం కాదుగా."

అఫ్రియే విసుక్కుంటూనే లోపలికి వెళ్లింది. ఆ రోజు ఒంటి మీద గుర్తులు గీసి పంపారు. తర్వాత కరెంటు మొదలైంది.

ఇక రోజూ ఇదే వరస. పొద్దున్నే గుమ్మంలో ఫోసువా.

"జాకెట్టు అయిందా?"

"నిన్ను మోసుకుని తిరుగుతుంటే ఎప్పుడు కుట్టను?"

"సరేలే, పద."

దారిలో చర్చివాళ్లు ఎదురైతే ఫోసువా మూలుగు రెట్టింపయ్యేది. "పాపం, తల్లిలా చూసుకుంటున్నావమ్మా," అని వాళ్లు అఫ్రియేను మెచ్చుకుని పోయేవాళ్లు.

అఫ్రియే కరెంటు పెట్టించుకుని వచ్చేసరికి, ఫోసువా వేయించిన అరటిముక్కల పొట్లం విప్పి పెట్టుకుని ఉండేది.

"నాది ఎప్పుడో అయిపోయింది. తిను, పోదాం."

పోను పోను ఆవిడను ట్రోట్రో మెట్టు ఎక్కించడానికి నిజంగానే ఎత్తాల్సి వచ్చింది. పొట్లం ముట్టడం కూడా మానేసింది.

అఫ్రియేకు ఆఖరి కరెంటు అయింది. ఆ మర్నాడు ఫోసువా రాలేదు. తర్వాతా రాలేదు.

తీరిక దొరికి అఫ్రియే గుడ్డ కత్తిరించడానికి కూర్చుంది. ఆది జాకెట్టు తిరగేసి చూస్తే, ఎడమవైపు లోపల దూది పెట్టి కుట్టి ఉంది.

కొత్త జాకెట్టు కుట్టడం అయ్యాక, ఆవిడ ఇల్లెక్కడో తెలియక, ఇద్దామని ఆసుపత్రికే వెళ్లింది.

"ఆ పెద్దావిడ పోయిందమ్మా," అంది నర్సు. "శనివారం అంత్యక్రియలు."



"రోజూ వైద్యానికి వచ్చేదిగా?"

"వైద్యమా? ఆవిడకు మేం చేయగలిగింది అయిపోయింది. ఊరికే ఆ బల్ల మీద కూర్చునేది."

"ఆవిడ జబ్బేమిటి?"

"మొదట నీదే. చిన్న గడ్డ తీయించుకుంది, తెల్లబట్టలు కట్టుకుంది, కరెంటుకు రాలేదు. గడ్డ మళ్లీ వచ్చింది. అప్పుడు రొమ్ము తీసేసినా ఆగలేదు."

నర్సు వరండాలో బల్లకేసి చూసింది.

"ఇంక ఇంటి దగ్గరే ఉండమని మేం చెప్పిన రోజున, నువ్వొచ్చి కరెంటు వద్దని చెప్పి మెట్లు దిగుతుంటే, అక్కడి నుంచి లేచి నీ వెనకాలే వచ్చింది."